ఐసు కరిగేదాకా

మాట ఇదీ:
నా నీలం డబ్బాల ఐసు కరిగేదాకా
ఇంద్రావతి ఈ ఒడ్డోళ్ళు ఆ ఒడ్డుకు కాల్చొద్దు,
ఆ ఒడ్డోళ్ళు ఈ ఒడ్డుకు కాల్చొద్దు.
కాగితం లేదు, సంతకం లేదు.
కబురు మోసినోడు కుడియం దోగె,
చిన్నప్పటిసంది నత్తి.
ఒక్క మాట బయటికొచ్చేసరికి సగం చుట్ట కాలుతది.
ముసలాయన నోట్లె మాట ఉండంగ
అడ్డం మాట్లాడుడు తప్పు.
తుపాకులు ఒళ్ళో పెట్టుకొని ఇద్దరు నాయకులు
వేరే వేరే రాత్రుల్ల
ఆ మాట తెగేదాకా కూసున్నరట.

గొర్రెలమడుగుల తట్టు లేచి
అప్పటికే ఐదుగురు పిల్లలు పోయిన్రు.
ఆరో గుంట తవ్వుతుంటే
ఏటి అవతల కూడ గడ్డపార చప్పుడు ఇనవడ్డదట.

రెండేండ్ల కింద ఆ గుంపూ ఈ గుంపూ ఒకటే,
ఒకటే గంజు, ఒకటే గటక.
ఎందుకు చీలిన్రో ఇద్దరూ నాకు చెప్పిన్రు.
తల ఊపిన. సూదులు లెక్కవెట్టుకుంటున్న అప్పుడు.

ఏటి నడుమ, ఎవరి ఒడ్డూ కాని ఇసుక దిబ్బ.
నాలుగు వెదురు బొంగులు, ఒక దుప్పటి నీడ.
తలండి మైనీ ముందు నిలవడ్డది,
చంకల చిన్నది, కొంగు పట్టుకొని ఇంకొకడు,
పోయినోని అంగి వీనికి తొడిగింది.
సూది గుచ్చితే వాడు ఏడ్వలే.
చప్పుడు చేయొద్దని
ఈ పిల్లలకు ముందే నేర్పిన్రు.

పదకొండింటికి వరుసల ఒక పిలగాడు,
భుజాన తుపాకి.
వయసెంత అంటే ఎనుకున్నోని దిక్కు చూసిండు.
పద్దెనిమిది అన్నడు ఎనుకున్నోడు.
అంత పెద్దోళ్ళకు ఈ సూది లేదు అన్న.
పిలగాడు అంగి చెయ్యి మడిచి
అట్లనే నిలవడ్డడు.
పద్నాలుగు అని రాసిన.
ఊరు అనే గళ్ళ ఏం రాయాల్నో తెల్వక
ఏరు అని రాసిన.
కొంచెం సేపటికి ఆ ఒడ్డు నుంచి ఒక పిల్ల,
నడుముకు తూటాల పట్టి, జడకు ఎర్ర దారం.
ఆమెను అడగనే లేదు.
పద్నాలుగు. ఏరు.
ఇద్దరికీ ఒకటే సీసా.

ఒంటిగంట దాటింది. డబ్బా జరిపితే
లోపల గలగల.
ఇంకా పదముగ్గురు పిల్లలున్నరు.
తువ్వాల చుట్టి పెట్టిన, చప్పుడు రావొద్దని.
నా మొహం చూస్తె ఎవరికైనా తెలుస్తది.

ఈ ఒడ్డు నాయకుడు వచ్చి మూత తీసిండు.
ఒక ఐసు పలక చెవి దగ్గర పెట్టి ఊపిండు.
నిలవడ్డ కాడికి నాకు ఇనవడ్డది, నీళ్ళు.
"గడ్డనే ఉన్నది" అన్నడు.
ఇసుక మీద నడుచుకుంట పోయి
ఆ ఒడ్డు నాయకుని చేతుల పెట్టిండు.
ఆయన పలకను రెండు చేతులతోని పట్టుకున్నడు.
ఎంతసేపు పట్టుకున్నడో.
ఆఖరికి చెయ్యి ఇదిలించి
వేళ్ళ మీద ఊదుకున్నడు,
ఆ మిట్టమధ్యాహ్నం, కాళ్ళు బొబ్బలెక్కే ఇసుకల.
"అబ్బ, ఎంత సల్లగున్నది."

నేను మళ్ళ సూది తీసిన.

ఆఖరి సీసా మీద చిన్న చదరం
అప్పటికే రంగు తిరగవట్టింది.
చివరి పిల్లల ఒంట్లకు మందు పోయిందో
ఉత్త నీళ్ళు పోయినయో నాకు తెల్వదు.
ఇప్పటికీ ఆ దిక్కు నుంచి ఎవరు జ్వరమని వచ్చినా
ముందు చెవుల ఎనుక చూస్త.

తొమ్మిదో దినం ఏటి మీద మళ్ళ చప్పుడు మొదలైంది.
ఎర్ర దారం పిల్ల సంగతి దోగెను అడిగిన.
ఆయన చెప్పవట్టిండు.
మొదటి అక్షరం కాడనే ఆగిపోయిండు.
నేను కూసున్న. ఆయన చుట్ట ఆరిపోయింది.

సిరొంచ ఆఫీసు నుంచి మరాఠీల మెమో వచ్చింది:
ఐసు కరిగినంక కూడ సూదులేసినందుకు
మూడు రోజుల్ల జవాబు ఇయ్యాలె.

మరాఠీలనే రాసిన:
సార్, ఐసు కరగలేదు.
పట్టి చూసినోళ్ళు ఇద్దరున్నరు.
వాళ్ళ పేర్లు రాయలేను.